సంజెవాడ బారసాల పిలుపు

కాళ్ళు కడుక్కున్నావా? తుడుచుకున్నావా? అయితే రా, ఇలా నా పక్కన పడుకో. పొద్దున్నుంచీ మా టీచరు చెప్పింది, మా టీచరు చెప్పింది అని నా బుర్ర తినేశావు. ఎక్కడో దూరాన ఒక చుక్క ఉందిట, దాని చుట్టూ మన భూమిలాంటిది ఒకటి తిరుగుతోందిట, అక్కడ నీళ్ళుండొచ్చుట, మనుషులుండొచ్చుట. ఉండొచ్చు ఏమిటే, ఉన్నారు! వాళ్ళ సంగతి మీ టీచరుని కాదు, నన్నడుగు. అదుగో, నవ్వుతున్నావు. నవ్వితే చెప్పను, ఫో.

సరే సరే, బుంగమూతి పెట్టకు. చెబుతాను. మధ్యలో అడ్డు రాకూడదు, ఊఁ కొట్టడం మానకూడదు.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే బస్సెక్కి వెళ్ళే ఊరు కాదమ్మడూ, రైలెక్కినా విమానమెక్కినా రాని ఊరు, చుక్కల్లో ఉన్న ఊరు, ఆ ఊళ్ళో చెంగావి అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే. నీకులాగే జడ వేయించుకోమంటే ఇల్లంతా పరుగు పెట్టించేది. ఆ ఊరి పేరు సంజెవాడ.

ఆ ఊళ్ళో సూర్యుడు ఎర్రగా, పొయ్యిలో నిప్పుకణికలా ఉంటాడు. పొడవడు, కుంకడు. కొండ అంచు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు. ఎందుకంటే ఆ నేల ఎప్పుడూ ఒకే మొహం సూర్యుడికి పెట్టి తిరుగుతుంది. అందుకని ఒకవైపు ఎప్పుడూ మాడిపోయే ఎండ. రెండోవైపు ఎప్పుడూ కటిక చీకటి, గడ్డకట్టిన మంచు. ఆ రెంటికీ మధ్య, చీరకి అంచులాగా, సన్నగా ఒక పట్టీ ఉంటుంది. అక్కడ ఎప్పుడూ సాయంత్రమే. ఆ సాయంత్రంలోనే సంజెవాడ ఉంది.

ఏం సుఖమే వాళ్ళది! అప్పడం కాల్చాలంటే పొయ్యి ఊదక్కర్లేదు. పళ్ళెంలో పెట్టుకుని ఎండవైపు కాస్త నడిస్తే చాలు, చిటపటమని పొంగిపోతుంది. చల్లటి నీళ్ళు కావాలంటే చీకటివైపు కుండ పెట్టి వస్తే సరి. నాకైతే ఆ అప్పడాల మాట తలుచుకుంటేనే వెళ్ళిపోవాలనిపిస్తుంది.

మరి రాత్రెలా వస్తుంది అని అడగబోతున్నావు కదూ? నాకు తెలుసు, నీ మొహమే చెబుతోంది. అక్కడే ఉంది తమాషా. ఆ ఊళ్ళో రాత్రి దానంతటది రాదు. రాత్రిని చెయ్యాలి. చేసేదెవరనుకున్నావు? అమ్మమ్మలు! ప్రతి ఇంటికీ ఎండవైపు ఒక కిటికీ, ఆ కిటికీకి ఒక మందపాటి చాప. అమ్మమ్మ చాప దించిందా, రాత్రి అయినట్టు. చాప ఎత్తిందా, తెల్లారినట్టు. ఊళ్ళో అందరికంటే పెద్దది చెంగావి అమ్మమ్మ రేవమ్మ. ఆవిడ దించితే ఊరంతా దించాలి, ఆవిడ ఎత్తితే ఊరంతా ఎత్తాలి. ఎంత అధికారమో చూడు. నేనిక్కడ పడుకోమని గంట మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు.

చాప దించాక గుమ్మం బయట ఒక దీపం పెడతారు. ఈ ఇంట్లో మనుషులున్నారు, పిల్లలు పడుకున్నారు, చప్పుడు చెయ్యకండి అని దానర్థం. దీపం వెలుగుతున్న ఇంటి తలుపు కొట్టడమంత తప్పు ఆ ఊళ్ళో మరొకటి లేదు.

అలా ఉండగా, చెంగావి వాళ్ళమ్మకి ఆడపిల్ల పుట్టింది. చెంగావి సంతోషం చూడాలి! చెల్లి పుట్టింది, చెల్లి పుట్టింది అని ఊరంతా గంతులేసుకుంటూ చెప్పొచ్చింది.

కానీ ఆ పసిదానికి ఒళ్ళు వెచ్చబడలేదమ్మా. అరచేతులు చల్లన, అరికాళ్ళు చల్లన. ఏడిస్తే పిల్లికూన అరిచినట్టు ఉండేది. పాలు తాగే ఓపిక కూడా లేదు. ఎండవైపు కొండ మీద వెచ్చటి రాతి అరుగు ఒకటి ఉంది. దాని మీద పడుకోబెడితే బిడ్డ తేరుకుంటుంది, లేకపోతే దక్కదు అని మంత్రసాని తేల్చి చెప్పేసింది.

అయితే తీసుకెళ్ళచ్చుగా అంటావు. పేరు పెట్టని పిల్లని ఆ ఊళ్ళో గడప దాటించరు. ముందు బారసాల జరగాలి. బారసాల జరగాలంటే, కంటికి దీపం కనిపించిన ప్రతి ఇంటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి. ఒక్క దీపాన్ని వదిలేసినా బిడ్డని ఉయ్యాలలో వెయ్యరు. బిడ్డ ఊరందరిదీ, అందుకని ఊరందరూ రావాలి అంటారు వాళ్ళు. మనం మాత్రం, బొట్టు పెట్టి పిలవకపోతే పక్కింటికైనా పేరంటానికి వెళతామా?

చాప ఎత్తగానే బారసాల అని ముహూర్తం పెట్టారు. అది తప్పితే మళ్ళీ మంచి ఘడియ ఇప్పట్లో లేదుట. బాలింత ఎలాగూ గడప దాటదు. అప్పుడు చెంగావి నేను పిలిచొస్తాను అని కుంకుమ భరిణె పుచ్చుకుంది.

ఊళ్ళో ఇళ్ళన్నీ గబగబా పిలిచేసింది. ఇక మూడు ఇళ్ళు మిగిలాయి. మూడూ ఊరి చివర్లే.

మొదటిది ఎండవైపు చివర, అప్పడాలు కాల్చే ఇల్లు. అక్కడ ఇల్లాలికి ఒకటే చెమట. బొట్టు పెడితే ముక్కు మీదకి కారింది, మళ్ళీ పెడితే గడ్డం దాకా కారింది. ఆవిడకీ నవ్వే, చెంగావికీ నవ్వే. ఆఖరికి చెవి వెనకాల పెట్టి, రండి పిన్నీ అని చెప్పి వచ్చేసింది.

రెండోది గాలిమెట్ట మీద ఉన్న ఇల్లు. చీకటివైపు నుంచి ఎండవైపుకి గాలి వీస్తూనే ఉంటుంది కదా, ఆ మెట్ట మీద మరీ రివ్వున కొడుతుంది. భరిణె మూత తీసిందో లేదో, సగం కుంకుమ ఎగిరిపోయింది. అప్పుడు చెంగావీ ఆ ఇంటావిడా ఒకే దుప్పటి కప్పుకుని, లోపల తడుముకుంటూ బొట్టు పని కానిచ్చారు.

ఇక మూడోది మంచు పెద్దమ్మ ఇల్లు. చెంగావి వాళ్ళమ్మకి సొంత అక్క. చీకటివైపు చాలా లోపల, మంచుకొండ మీద ఒక్కతే ఉంటుంది. మంచుదిమ్మలు కోసి జారుడుబాట మీద నుంచి వదిలితే, అవి జారుకుంటూ వచ్చి ఊరి చెరువులో పడి కరుగుతాయి. అవే ఊరందరికీ తాగే నీళ్ళు. దిమ్మలు వాటంతట అవే వస్తుంటే అంత చలిలోకి ఎవరు వెళతారు? ఎవరూ వెళ్ళరు. పండక్కి ఆవిడే దిగి వస్తుంది. వచ్చినా గుసగుసగా తప్ప మాట్లాడదు. పాపం చలికి గొంతు పోయింది అనుకునేవాళ్ళు ఊళ్ళోవాళ్ళు.

చెంగావి బయల్దేరేసరికి చాప దించే వేళయింది. అప్పుడు రేవమ్మ మనవరాలికి రెండు కంబళ్ళు చుట్టబెట్టి, చేతికి చిన్న దీపం ఇచ్చి, "నువ్వు వచ్చేదాకా నేను చాప ఎత్తను. రేపు ఎలా వస్తుందో నేనూ చూస్తాను, నువ్వు ధైర్యంగా వెళ్ళిరా" అంది.

అదీ అమ్మమ్మంటే! తెల్లవారడాన్నే ఆపేసింది చూడు.

చెంగావి నడిచింది, నడిచింది. మొదట నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది. ఆ తర్వాత ఆకాశంలో ఎరుపంతా పోయి బూడిదరంగు వచ్చింది. ఆ తర్వాత ఆ బూడిదరంగూ పోయింది. నల్లగా, కాటుకలాంటి నలుపు! అంత చీకటి ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అప్పుడు తలెత్తి పైకి చూసింది.

అమ్మ బాబోయ్! ఏం చూసిందో చెప్పుకో!

చుక్కలే! మనం రోజూ చూసే చుక్కలే! ఎప్పుడూ సాయంత్రమే ఉండే ఊళ్ళో పుట్టింది కదా, ఒక్క చుక్కని కూడా చూసి ఎరగదు. ఇప్పుడేమో నెత్తి మీద కుప్పలు తెప్పలుగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, చిన్నవీ పెద్దవీ, ఎర్రవీ తెల్లవీ! పిల్ల నవ్వింది, ఎగిరింది, మంచులో వెల్లకిలా పడింది, పడి అలాగే చూస్తూ ఉండిపోయింది. నాకు చెబుతుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది, ఇదిగో చెయ్యి పట్టి చూడు.

చూసి చూసి ఏమనుకుందో తెలుసా? ఓరి నాయనో, ఎన్ని దీపాలు! ఎన్ని ఇళ్ళు! మన ఊరి పక్కనే ఇంత పెద్ద ఊరుందా, ఇంతమందీ పడుకున్నారా, అనుకుంది. వాళ్ళకి దీపమంటే ఇల్లే కదా మరి! ఇంకేమనుకుంటుంది?

లేచి పరుగున పెద్దమ్మ ఇంటికి పోయి, "పెద్దమ్మా!" అని కేక పెట్టింది. తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ రెండు చేతులతో దాని నోరు మూసేసింది.

"ష్! నెమ్మదే! అంతమంది పసిపిల్లలు పడుకుని ఉంటే ఏమిటా అరుపులు!" అంది గుసగుసగా.

చూశావా మరి! పెద్దమ్మ గొంతు పోలేదు, ఏమీ పోలేదు. నెత్తి మీద అన్ని ఇళ్ళవాళ్ళు పడుకుంటే నిద్ర చెడగొట్టకూడదని, ఆ మహాతల్లి బతుకంతా గుసగుసలాడుతూనే గడిపేసింది! తుమ్మొస్తే కంబళిలో తల దూర్చి తుమ్మేదిట. ఎవరికైనా చెబితే చూడ్డానికి జనం వస్తారు, గోల చేస్తారు అని ఊళ్ళో ఎవరికీ చెప్పనైనా లేదు. నవ్వకే, పాపం. ఎంత మంచి మనిషో ఆలోచించు.

చెంగావి పెద్దమ్మకి బొట్టు పెట్టి బారసాలకి పిలిచింది. పసిదాని సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఠక్కున ఆగిపోయింది.

కంటికి దీపం కనిపించిన ప్రతి ఇంటినీ పిలవాలి కదా! ఇప్పుడు ఇన్ని దీపాలు కనిపించాయి. వీళ్ళందరినీ పిలవకుండా చెల్లిని ఉయ్యాలలో ఎలా వేస్తారు? పోనీ పిలుద్దామంటే, దీపం వెలుగుతున్న ఇంటి తలుపు కొట్టకూడదాయె! పిలవాలి, కానీ లేపకూడదు. ఏం చేస్తుందమ్మా ఆ పిల్ల?

పెద్దమ్మ దాని చెవి దగ్గరికి వంగి, "నువ్వు తలెత్తి చూడలేదనుకో. ఎవరికి తెలుస్తుంది?" అంది మెల్లిగా.

చెంగావికి ఏడుపొచ్చేసింది. "చూశాను కదా పెద్దమ్మా. చూసినదాన్ని చూడలేదని చెప్పి, ఆ చెప్పిన నోటితో చెల్లి చెవిలో పేరెలా చెప్పను?" అంది.

ఎలాంటి పిల్లో చూడు! నాకైతే అక్కడే దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనిపిస్తుంది. పెద్దమ్మకీ అలాగే అనిపించింది. అయితే పద, ఏదో ఒకటి చేద్దాం అంది.

మొదట, దీపాలు ఆరిపోయేదాకా ఆగి చూద్దాం అనుకున్నారు. ఆరితే లేచినట్టే కదా, అప్పుడు పిలవచ్చు. ఇద్దరూ కంబళి కప్పుకుని కూర్చున్నారు. ఒక్కటీ ఆరలేదు. నేను పుట్టాక ఒక్కటి కూడా ఆరగా చూడలేదే అంది పెద్దమ్మ. ఆ మాట ముందే చెప్పచ్చుగా ఈ మనిషి!

ఆ తర్వాత, పిల్లలకి మెలకువ రాకుండా చిన్న గొంతుతో పిలుద్దాం అనుకుంది చెంగావి. కొండ కొస దాకా ఎక్కి, రండమ్మా, మా చెల్లి బారసాల అని మెల్లిగా అంది. ఆ మాట దాని ముక్కు ముందే ఆవిరైపోయింది. దాని చెవికే చేరలేదు, చుక్కల దాకా ఏం చేరుతుంది?

ఇక ఊళ్ళో సంగతి చెప్పనా? ఎంతకీ తెల్లవారడం లేదు! జనం పడుకున్నారు, లేచారు, అటు దొర్లారు, ఇటు దొర్లారు, మళ్ళీ పడుకున్నారు. కడుపులు నకనకలాడుతున్నాయి. చాప ఎత్తందే వంట చెయ్యకూడదు. ఇదేం రాత్రమ్మా అని మొదట వంటవాళ్ళు వచ్చారు. ఆ తర్వాత, పాలు పిండాలి, గేదెలు అరుస్తున్నాయి అని పాడివాళ్ళు వచ్చారు. ఆఖరికి ఊరిపెద్ద వచ్చాడు, మీసం మెలేసుకుంటూ. రేవమ్మ ఒక చేత్తో చాప తాడు పట్టుకుని, రెండో చేత్తో పసిదాన్ని పొట్టకి హత్తుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నా మనవరాలు రాందే తెల్లవారదు. పోయి పడుకోండి!" అంది. ఊరిపెద్ద నోరెత్తితే ఒట్టు. తోక ముడిచి వెళ్ళిపోయాడు.

పైకి అలా అందే కానీ, రేవమ్మకి లోపల ప్రాణాలు పోతున్నాయి. చాప ఎత్తితే ముహూర్తం దాటిపోతుంది. ఎత్తకపోతేనేమో పసిది చేతుల్లోనే చల్లబడిపోతోంది. ఏడవడం కూడా మానేసింది. రేవమ్మ దాని నోటి దగ్గర చెంప పెట్టి, ఊపిరి తగులుతోందా లేదా అని మాటిమాటికీ చూసుకుంటోంది.

ఉండు, భయపడకు. నా చెయ్యి పట్టుకో.

అక్కడ కొండ మీద చెంగావి పెద్దమ్మ ఇంట్లోకి వచ్చి కూలబడిపోయింది. ఇక నా వల్ల కాదు అనుకుంది. ఏడుస్తూ ఏడుస్తూ, పెద్దమ్మ కిటికీకి బిగించిన మంచుపలకలోంచి బయటికి చూసింది. మూలగా, చిన్నగా, పసుపుపచ్చటి దీపం ఒకటి ఉంది. ఏమంత పెద్దది కాదు, ఏమంత అందమైంది కాదు. అది ఒక్క రవ్వ మసకేసింది. మళ్ళీ వెలిగింది.

చెంగావి కళ్ళు తుడుచుకుంది. కన్నీళ్ళ వల్ల అలా కనిపించిందేమో అనుకుంది. రెప్ప వెయ్యకుండా చూసింది. కాసేపటికి మళ్ళీ మసకేసింది! మళ్ళీ వెలిగింది! మూడోసారి కూడా అంతే!

దీపం అలా ఎప్పుడు మసకేస్తుంది చెప్పు? గాలికి అయితే రెపరెపలాడుతుంది. నూనె అయిపోతే కొడిగడుతుంది. ఇలా నిదానంగా మసకేసి మళ్ళీ వెలిగిందంటే ఏమిటి? ఊఁ? చెప్పు? ఆఁ! భేష్! ఎవరో దాని ముందు నుంచి నడిచారు!

"పెద్దమ్మా! ఆ ఇంట్లో ఎవరో మేలుకుని ఉన్నారు!" అని చెంగావి గావుకేక పెట్టింది. దీపం ముందు నుంచి అటూ ఇటూ తిరుగుతున్నారు! నిద్రపట్టని పిల్లనెవర్నో ఎత్తుకుని తిప్పుతున్నారు కాబోలు! పెద్దమ్మ ఈసారి నోరు మూయలేదు. తనూ వచ్చి మంచుపలకకి ముక్కు ఆనించి చూసింది.

వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతుంది. మనకీ ఉంది. పిలుపులకి వెళ్ళినప్పుడు కొన్ని ఇళ్ళు తలుపులేసి ఉంటాయనుకో. మనం ఏం చేస్తాం? ఆ వీధిలో ఎవరుంటే వాళ్ళకి బొట్టు పెట్టి, మిగతావాళ్ళకి కూడా మా మాటగా చెప్పండమ్మా అని వచ్చేస్తాం. అలా చెబితే అందరినీ పిలిచినట్టే లెక్క. మొన్న మీ పిన్ని పెళ్ళికి నేనలాగే కదా పై అంతస్తువాళ్ళని పిలిచాను.

అప్పుడు చెంగావి భరిణె తీసింది. అడుగున ఒకే ఒక్క బొట్టుకి సరిపడా కుంకుమ మిగిలింది. మంచుపలక మీద ఆ పచ్చ దీపం ఎక్కడ కనిపిస్తోందో, సరిగ్గా దాని కింద వేలు పెట్టి బొట్టు పెట్టింది. "అమ్మా, రేపు మా చెల్లి బారసాల. మీరు తప్పకుండా రావాలి. మీ వీధిలో పడుకున్నవాళ్ళు లేచాక, వాళ్ళందరికీ మా మాటగా చెప్పండి" అంది. ఆ తర్వాత, మేమూ మేలుకునే ఉన్నాం అని వాళ్ళకి తెలియాలి కదా అని, బయటికి వచ్చి తన దీపం ఒక మంచుదిమ్మ మీద పెట్టి, దాని ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచింది.

అంతే! పిలుపులు పూర్తయ్యాయి!

ఇక పరుగే పరుగు. నడిచి వెళితే ఎప్పటికి చేరుతుంది? పెద్దమ్మ ఒక పెద్ద మంచుదిమ్మ లాగి జారుడుబాట మీద పెట్టింది. ముందు చెంగావిని కూర్చోబెట్టింది, వెనకాల తను కూర్చుంది. ఒక్క తోపు! జుయ్‌మని బయల్దేరింది చూడు! నలుపు పోయింది, బూడిదరంగు వచ్చింది, ఎరుపొచ్చింది. జడలు గాల్లో ఎగురుతున్నాయి. ఎవరో మేలుకున్నారని తెలిసిపోయిందిగా, ఇక పెద్దమ్మ ఎందుకు గుసగుసలాడుతుంది? బతుకంతా దాచుకున్న గొంతు విప్పేసింది. "తప్పుకోండి! తప్పుకోండి! బారసాలకి వస్తున్నాం!" అని ఆవిడ అరుస్తుంటే గుడిగంటలా మోగిందిట. ఊళ్ళో అందరూ దిగ్గున లేచి కూర్చున్నారు. దిమ్మ వెళ్ళి చెరువులో దబ్బున పడింది, ఇద్దరూ తడిసి ముద్దయ్యారు, అయినా నవ్వుతూనే ఉన్నారు.

రేవమ్మ తాడు లాగింది. చాప లేచింది. ఊరంతా చాపలు లేచాయి. తెల్లారింది!

బారసాల జరిగింది. ఏం సందడనుకున్నావు! ముత్తయిదువులందరూ వచ్చారు, చెవి వెనకాల బొట్టుతో అప్పడాల పిన్ని కూడా వచ్చింది. పసిదాన్ని ఉయ్యాలలో వేశారు. ఆ ఊళ్ళో పిల్లకి మూడు పేర్లు. మొదటి పేరు అమ్మమ్మ పెడుతుంది. రేవమ్మ తన తల్లి పేరు పెట్టింది. రెండో పేరు పెద్దమ్మ పెడుతుంది. ఆవిడ ఆ గంటలాంటి గొంతుతో చెప్పేసరికి పసిది ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. మూడో పేరేమో, అందరికంటే ఆఖర్న పిలిచిన ఇంటివాళ్ళు పెట్టాలి.

ఆఖర్న పిలిచింది ఎవరిని? ఆ పచ్చ దీపం ఇంటివాళ్ళని. వాళ్ళు ఇంకా రాలేదు. అప్పుడు పళ్ళెంలో బియ్యం పోసి, మొదటి పేరు రాశారు, దాని కింద రెండో పేరు రాశారు, మూడో పేరు చోటు మాత్రం ఖాళీగా వదిలేశారు. పేరు పెట్టడం అయిందిగా, ఇక అడ్డేముంది? తల్లి గడప లోపలే నిలబడి కళ్ళొత్తుకుంటుంటే, చెంగావి చెల్లిని ఎత్తుకుని గడప దాటింది. ఊరంతా వెనకాల నడిచింది. వెచ్చటి అరుగు మీద పసిదాన్ని పడుకోబెట్టారు. కాసేపు కదల్లేదు. ఆ తర్వాత బుగ్గలు ఎర్రబడ్డాయి. వేళ్ళు విప్పింది. కాళ్ళు తన్నింది. కేర్‌మని ఏడ్చింది చూడూ, అబ్బో, గాలిమెట్ట దాకా వినబడింది! చెంగావి అక్కడే చతికిలబడి, నవ్వుతూ ఏడుస్తూ చెల్లి అరికాళ్ళకి ముద్దులు పెట్టేసుకుంది.

ఇప్పుడు చెప్పు. ఆ పచ్చ దీపం ఎవరిది? ఎవరింటిది? ఓసి వెర్రిమొహమా, మనదే! మన సూర్యుడే! ఆయన ముందు నుంచి అటూ ఇటూ నడిచింది ఎవరు? మన భూమే! అంత దూరం నుంచి చూస్తే మన సూర్యుడు కూడా ఒక చిన్న చుక్కే.

మరి వాళ్ళ పిలుపు మనకెలా అందింది అంటావు. చెంగావి చేతిదీపం ఇంత దూరం ఆనదులే. కానీ ఆ నేల నేలంతా వాళ్ళ ఎర్ర సూర్యుడి ముందు నుంచి నడుస్తూనే ఉంటుంది కదా. మనవాళ్ళు కొండల మీద పెద్ద పెద్ద అద్దాలు పెట్టుకుని చూస్తూ చూస్తూ ఉంటే, ఒక ఎర్ర చుక్క ఒక్క రవ్వ మసకేసిందిట. మళ్ళీ వెలిగిందిట. మళ్ళీ మసకేసిందిట. అప్పుడు వాళ్ళు కూడా చెంగావిలాగే ఎగిరి గంతేశారు. దీపం ముందు నుంచి ఎవరో నడిచారు, అక్కడ మనలాంటిదే ఒక నేల ఉంది అని. పొద్దున మీ టీచరు చెప్పింది అదే! పేపర్లో వేశారు, టీవీలో చెప్పారు, కానీ అది బారసాల పిలుపని ఒక్కళ్ళకీ తెలియలేదు. నేను చెబితే నీకు తెలిసింది.

ఏమిటి దిగులు? ఓ, వెలుగు రావడానికే ఏళ్ళూ పూళ్ళూ పట్టింది కదా, పాప ఇంకా ఉయ్యాల్లోనే ఉంటుందా అనా? ఉండదు. ఈపాటికి పెరిగి పెద్దదై, పెళ్ళయి, అమ్మమ్మ కూడా అయిపోయి ఉంటుంది. మనవల్ని పడుకోబెడుతూ ఉంటుంది. రెండు పేర్లతోనే నెట్టుకొస్తోంది పాపం. పిలిచినవాళ్ళు ఎప్పుడొస్తారా, మూడో పేరు ఎప్పుడు పెడతారా అని ఇప్పటికీ చూస్తూనే ఉంటుంది. అంత దూరం మనం ఎలాగూ వెళ్ళలేం. పేరైనా పంపకపోతే ఏం బాగుంటుంది? పిలుపు తెలిసింది నీకు. పేరు నువ్వే పెట్టాలి.

తొందరేం లేదు, ఆలోచించు. మంచి పేరు చూడు. అంత దూరం పోవాల్సిన పేరు.

ఏమిటీ? అప్పుడే దొరికిందా? చెవిలో చెబుతావా? చెప్పు.

మాణిక్యమా?

ఓసి పిడుగా! అది నా పేరు కదుటే! లోకంలో ఇంకే పేరూ దొరకలేదా నీకు? అంత చక్కటి పిల్లకి ఈ ముసలిదాని పేరా! అక్కడ కూడా ఒక అమ్మమ్మ ఉంది కాబట్టి నా పేరే సరిపోతుందా? ఎంత మాటన్నావే నా తల్లీ. ఇన్నేళ్ళలో నా పేరు ఎవరైనా ఇంత ముద్దుగా పలికారా అని. ఇలా రా, దగ్గరికి రా. ఏడవడం లేదులే, సంతోషం. నిజంగా సంతోషమే.

పద, కిటికీ దగ్గరికి పద. పేరు చెవిలో మూడుసార్లు చెప్పాలి. ఆ వేపు అనుకుంటాను, ఆ మేడ పక్క నుంచి. గట్టిగా చెప్పు, ఫరవాలేదు, మనం మేలుకునే ఉన్నామని వాళ్ళకి తెలుసుగా. మాణిక్యం! ఊఁ, ఇంకోసారి. మాణిక్యం! ఇద్దరం కలిసి, మూడోసారి. మాణిక్యం!

పెట్టేశాం! వెళ్ళిపోయింది పేరు! ఇక రా, దుప్పట్లో దూరు.

కథ పోయె కంచికి,
కబురు పోయె మింటికి,
పేరు పోయె పాప ఇంటికి,
నిద్ర వచ్చె నీ కంటికి!